మధ్యలో ఎర్ర గుడ్డ

ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే మా ఇద్దరు కోడళ్ళూ మాట్లాడుకోవడం మానేశారు. ఏ ఇంట్లోనైనా ఉండేదే అనుకోవచ్చు. మాకు వచ్చిన చిక్కల్లా, వాళ్ళిద్దరూ నా జట్టులో కూడా ఉన్నారు.

జట్టంటే తాడు లాగే జట్టు. నేను ఆసుపత్రి లాండ్రీలో ఆడవాళ్ళ షిఫ్టుకి పెద్దని. ఏటా వానాకాలంలో, నేల మెత్తబడ్డాక, ఊళ్ళో పనిచేసే ఆడవాళ్ళకి తాడు లాగుడు పోటీలు పెడతారు. బస్సు డిపో వాళ్ళు, తపాలా వాళ్ళు, రొట్టెల ఫ్యాక్టరీ వాళ్ళు, మేము. వయసులో ఉన్నప్పుడు నేనూ లాగాను. మోకాలు మొరాయించాక పక్కన నిలబడి లాగించడం మొదలుపెట్టాను. కోడళ్ళు నన్ను అత్తయ్యా అంటారు కనక మిగతా ఆరుగురూ అదే అలవాటు చేసుకున్నారు. మా ఆయన మూటల వ్యాన్ నడుపుతాడు, ఆయన అందరికీ మామయ్య. "ఇద్దరు కోడళ్ళతోనే మనుషులు సన్యాసం పుచ్చుకుంటారు, నువ్వు ఎనిమిది మందిని పెట్టుకున్నావు" అని ఆయన వేళాకోళం.

పోటీల్లో ఒక నియమం ఉంది. ఎనిమిది మంది కలిపి తూగే బరువుకి ఒక హద్దు. అది దాటితే తాడు ముట్టుకోనివ్వరు. అందుకని సీజను ముందు మేం లాండ్రీ వెనకగదిలో, మాసిన బట్టల మూటలు తూచే కాటా మీద ఒకరి తర్వాత ఒకరం ఎక్కి చూసుకుంటాం. ఆ ఏడు హద్దు కంటే ఓ రెండు తడి దుప్పట్లంత ఎక్కువ తేలాం.

"ఇప్పుడెవరు తగ్గాలమ్మా?" అంది రేడియో. ఆమె ఇస్త్రీ రోలర్ దగ్గర పనిచేస్తుంది. నోరు కట్టేసే మీట లేదు కాబట్టి ఆ పేరు.

కాటా మీద అప్పుడు పెద్దకోడలు నిలబడి ఉంది. దిట్టమైన మనిషి, తాడుకి చివర ఉండి జట్టంతటికీ లంగరు వేసేది ఆమే. చిన్నకోడలు గోడకి ఆనుకుని నవ్వుతూ అంది: "మనమెవరం తగ్గక్కర్లేదు. మా అక్క వండేటప్పుడు రుచి చూడ్డం మానేస్తే చాలు, కాటా దానంతటదే కిందికి దిగుతుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పెద్దకోడలు నవ్వలేదు. మెల్లిగా కాటా దిగి, చెప్పులు వేసుకుని, ఎవరివైపూ చూడకుండా అంది: "తల్లి చేతి ముద్ద తినని పిల్లకి తిండి విలువేం తెలుస్తుందిలే."

చిన్నకోడలికి ఊహ తెలియకముందే తల్లి పోయింది. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

ఆ మాట పెద్దకోడలి నోట రావడమే నన్ను ఆశ్చర్యపరిచింది. మా ఇంట్లో రాత్రి అందరికీ పెట్టాక, చివర్లో కోడళ్ళిద్దరూ వంటగదిలో నేల మీద కూర్చుని తినేవాళ్ళు. ఒకరి కంచంలో చెయ్యి ఇంకొకరిది. మేం పడుకోబోతుంటే ఆ నవ్వులు వినిపించేవి. "ఏం తింటున్నారర్రా, అంత నవ్వొచ్చేది" అని మా ఆయన అరిచేవాడు. ఆ రోజు నుంచి చిన్నకోడలు కంచం తన గదిలోకి తీసుకెళ్ళింది.

*

మాటలు ఆగిపోతే పనులు ఆగవు గదా. కాబట్టి మాటలన్నీ నా మీదుగా నడవడం మొదలుపెట్టాయి.

ముగ్గురం ఒకే వంటగదిలో, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఉంటాం. పెద్దకోడలు పొయ్యి వైపు చూస్తూ అంటుంది: "అత్తయ్యా, ఆవిడ గారికి చెప్పండి, నీళ్ళ బిందె మీద మూత పెట్టడానికి వేరే మనిషిని పెట్టుకోలేదని."

నేను ఇటు తిరిగి, "అమ్మా, ఆ బిందె మీద కాస్త మూత పెట్టమంటోంది అక్క" అంటాను.

చిన్నకోడలు కిటికీకి చెబుతుంది: "మూత కనపడితే పెడతానని చెప్పండి అత్తయ్యా. దాచిపెట్టుకుంటే నేనేం చేసేది."

నేను అటు తిరిగి, "మూత ఎక్కడుందో అడుగుతోంది, పాపం."

ఆ 'పాపం' నా సొంత సరుకు. అందులో నాకు మంచి నేర్పు ఉందని నా నమ్మకం. ముల్లు తీసేసి మాట చేర్చడం చిన్న విద్యా? పొద్దున దీపం పెట్టి దణ్ణం పెట్టుకునేటప్పుడు, నా నోటిని ఇలాంటి మంచి పనికి వాడుకుంటున్నందుకు దేవుడికి కృతజ్ఞత కూడా చెప్పుకున్నాను.

మైదానంలోనూ అంతే. తాడు లాగేటప్పుడు అందరూ వెనక్కి వాలి ఆకాశం చూస్తుంటారు. ముందు మనిషికి మాత్రమే అవతలి జట్టు కాళ్ళు కనిపిస్తాయి. చివరి మనిషికి మాత్రమే మన వాళ్ళ వీపులన్నీ కనిపిస్తాయి. ఎప్పుడు బిగపట్టాలి, ఎప్పుడు లాగాలి అన్నది ఆ ఇద్దరి మధ్య తేలాలి. ముందు చిన్నకోడలు, చివర పెద్దకోడలు. కిందటేడు వరకూ చిన్నది "అక్కా, ఇప్పుడు" అనేది, పెద్దది "హుఁ" అనేది. ఆ హుంకారంతో ఎనిమిది వీపులు ఒక్క తలుపులా కదిలేవి.

ఈ ఏడు చిన్నది నాకు చెబుతుంది, నేను నొప్పి మోకాలితో తాడు పొడుగునా పరుగెత్తి పెద్దదానికి చెబుతాను. మొదటి పోటీ తపాలా వాళ్ళతో. కాటా మీద సరిపోయాం, తలా కాస్త తగ్గారు కాబోలు అనుకున్నాను. కానీ తాడు మీద నిలబడలేకపోయాం. "వాళ్ళలో ఒకామె కాలు జారింది అత్తయ్యా" అని చిన్నది అనడం, నేను ఆ మాట మోసుకుని వెనక్కి చేరడం, ఈలోగా ఆ కాలు మళ్ళీ నేలలో పాతుకోవడం. రెండుసార్లూ మమ్మల్ని గీత దాటించి ఈడ్చేశారు. చివర్లో నేను అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాను. తెరిచేసరికి మా వాళ్ళందరూ బురదలో కూర్చుని ఉన్నారు.

"దేవుడు కూడా కళ్ళు మూసుకున్నట్టున్నాడు అత్తయ్యా" అంది రేడియో, జుట్టులోంచి మట్టి తీసుకుంటూ.

ఆ సాయంత్రం మా చిన్నకొడుకు నా పక్కన కూర్చుని, చెప్పులకున్న బురద గీకుతూ అన్నాడు. "అమ్మా, సీజను కాగానే మేం వేరే గదులు చూసుకుంటాం."

"నీ పెళ్ళాం అడిగిందా?"

"అడగలేదు. అందుకే చెబుతున్నా. అడిగి ఏడిస్తే సర్దిచెప్పేవాణ్ణి. ఏమీ అనకుండా గోడ వైపు తిరిగి తింటోంది."

ఆ మాట విన్నాక మరునాటి నుంచి నా ప్రార్థన ఒక్కటే అయింది. ఈ ఇల్లు రెండు కాకుండా చూడు స్వామీ. దీపం ముందు ఎంతసేపు కూర్చున్నా అదే. ఆయన వింటున్నాడో లేదో అన్న అనుమానం నాకు ఎప్పుడూ లేదు. నేను అడుగుతున్నది వాళ్ళ కోసమా, నా కోసమా అన్న అనుమానం మాత్రం అప్పుడే మొదటిసారి వచ్చింది.

*

ఒకరోజు చిన్నకోడలు బట్టలు ఆరేస్తుంటే వెళ్ళి మెత్తగా కదిపాను. "అక్క నీ గురించి మంచిగానే అనుకుంటోందే. నిన్న కూడా, పిల్ల చిక్కిపోయింది అంది."

తాడు మీది చీరను సాగదీస్తూ ఆగింది.

"అక్క అలా అనదు అత్తయ్యా."

"అంది, నేను విన్నాగా."

"అక్క అంటే, 'ఎండుపుల్లలా తయారైంది, గాలొస్తే తాడుతో కట్టేయాలి' అంటుంది. మీరు చెప్పేది అక్క మాటలా ఉండదు. అది మీ మాట. వినగానే తెలిసిపోతుంది, నాకు ఇంకా కోపం వస్తుంది." చీర అంచు సరిచేస్తూ అంది. "తిట్టినా ఫరవాలేదు. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో."

నిజానికి పెద్దకోడలు అన్నది సరిగ్గా ఎండుపుల్ల మాటే.

ఆ మధ్యాహ్నం మూటలు ఎక్కించడానికి వ్యాన్ దగ్గరికి వెళ్ళి, నా గోడు మా ఆయనతో చెప్పుకున్నాను. "ఇద్దరి మధ్యా పడి నలిగిపోతున్నానండీ. ఒక్కరైనా ఒక మెట్టు దిగరు."

ఆయన మూట లోపలికి విసిరి, చేతులు దులుపుకున్నాడు. "ఏమోయ్, మీ తాడుకి మధ్యలో ఎర్ర గుడ్డ కడతారు చూడు."

"గుర్తు కోసం కడతారు. ఎటు జరిగితే వాళ్ళు గెలిచినట్టు."

"అది లాగుతుందా?"

"గుడ్డ ఎక్కడైనా లాగుతుందా?"

"మరి అందరికంటే ఎక్కువ ఊగేది అదే. అటు ఇటు, అటు ఇటు. చూసేవాళ్ళకి ఆట అంతా దానిదే అనిపిస్తుంది." వ్యాన్ తలుపు వేస్తూ ముగించాడు. "అన్నం బాక్సు తెచ్చావా, దేవుడికి పెట్టి వచ్చావా?"

ఆయనతో అదే ఇబ్బంది. గుచ్చే మాట అనేసి తిండి సంగతి అడుగుతాడు, కోపం తెచ్చుకునే వీలుండదు.

*

మరునాడు మైదానంలో ఎనిమిది మందినీ తాడు పక్కన నిలబెట్టాను.

"ఇవాళ్టి నుంచి నేను కేకలు వేయను. ఎవరి మాటా మోయను. ముందు నిలబడ్డ మనిషికి కనిపించింది ఆమె చెప్పాలి. చివర నిలబడ్డ మనిషికి కనిపించింది ఆమె చెప్పాలి. ఇంట్లో కూడా ఇదే."

"మరి మీరేం చేస్తారు అత్తయ్యా?" అంది రేడియో.

"చూస్తాను."

"జీతం అదేనా?"

జీతం ఎవరూ ఇవ్వరని ఆమెకీ తెలుసు. తాడు పట్టుకోమన్నాను.

ఆ సాధన చూసినవాళ్ళెవరైనా మమ్మల్ని ఇంటికి వెళ్ళి బట్టలు ఉతుక్కోమనేవాళ్ళు. చిన్నకోడలు అవతలి వాళ్ళ కాళ్ళు చూస్తుంది, పెదవులు కదుపుతుంది, నా వైపు చూస్తుంది. నేను మబ్బుల వైపు చూస్తాను. చివర పెద్దకోడలు ఎప్పుడు లాగాలో తెలియక తనకి తోచినప్పుడు లాగుతుంది. మధ్యలో ఆరుగురూ ఒకరి మీద ఒకరు పడతారు. మాతో సాధనకి వచ్చిన బస్సు డిపో వాళ్ళు జాలిపడి తొందరగా వెళ్ళిపోయారు.

ఇంట్లో కూడా అంతే అయింది. ఆ రాత్రి కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. వేశానని ఒకరు ఇంకొకరికి చెప్పలేదు. పెద్దవాడు ఒక ముద్ద తిని నా వైపు చూశాడు. చిన్నవాడు నీళ్ళ గ్లాసు దగ్గరికి జరుపుకున్నాడు. మా ఆయన మాత్రం ప్రశాంతంగా తింటూ, "సముద్రం దగ్గర ఇల్లు కావాలని నాకు ఎప్పట్నుంచో కోరిక" అన్నాడు.

ఇద్దరికీ సర్దిచెప్పే మాట నోటి దాకా వచ్చింది. వచ్చిన మాటను మింగడం ఆ కూర మింగడం కంటే కష్టమైంది. ఇన్నాళ్ళూ నేను మోసింది ఎంత బరువో దించాకే తెలిసింది. అయినా వెనక్కి తగ్గలేదు. మోకాలు పోయినా నాలో ఇంకా తాడు లాగే మనిషి ఉంది. బిగపట్టాల్సిన సమయంలో బిగపట్టడం నాకు వచ్చు.

*

రొట్టెల ఫ్యాక్టరీ వాళ్ళతో పోటీ దగ్గరపడుతుండగా లాండ్రీలో మడతపెట్టే మెషిన్ ఆగిపోయింది. బాగుచేసేవాడు సాయంత్రానికి గాని రాడు. ఆసుపత్రికి దుప్పట్లు ఆగవు. చేత్తో మడవాలి. ఇద్దరిద్దరు చొప్పున నిలబడమన్నాను. పెద్దకోడలు ఉతికే వైపు, చిన్నకోడలు ఇస్త్రీ వైపు, మామూలుగా మధ్యలో గోడ ఉంటుంది. ఆ రోజు ఇద్దరినీ ఒకే బల్ల దగ్గరికి పిలిచాను.

"నేను రేడియోతో మడుస్తాను" అంది పెద్దకోడలు.

"రేడియోతో మడిస్తే రెండు దుప్పట్లు అయ్యేసరికి నీకు ఊరి సంగతులన్నీ వచ్చేస్తాయి, పని కాదు. ఇక్కడ నిలబడు."

నేను కాస్త దూరంలో, ట్రాలీ వెనక కూర్చుని, మడిచినవి దొంతరలు పెడుతున్నాను.

పెద్ద దుప్పటి ఒక్కరు మడవలేరు. చెరో రెండు మూలలు పట్టుకుని, వెనక్కి వాలి బిగలాగాలి, లేకపోతే ముడత పోదు. తర్వాత ఒకరివైపు ఒకరు నడిచి రావాలి. ఒకరి వేళ్ళలోంచి మూలలు ఇంకొకరి వేళ్ళలోకి పోవాలి. మొదటి నాలుగైదు దుప్పట్లు ఇద్దరూ మొహాలు పక్కకి తిప్పుకుని మడిచారు. మడతలు వంకరపోయాయి. నేను ఏమీ అనకుండా వాటిని విప్పి మళ్ళీ బల్ల మీద పెట్టాను.

ఈసారి చిన్నకోడలు పంటి బిగువున అంది, "కాస్త లాగు."

ఎన్నాళ్ళకో ఇద్దరి మధ్యా నేరుగా పడిన మొదటి మాట అది. అంత అందమైన మాటేం కాదు.

"లాగుతూనే ఉన్నా. ఓపిక ఉన్నంత లాగుతున్నా."

"నీకు ఓపిక లేకపోవడం ఏంటి? జట్టుకంతా లంగరువి."

"లంగరుకి తిండి అక్కర్లేదనుకున్నావా?" అంది పెద్దకోడలు. "ఆ రోజు నుంచి రాత్రిపూట తినడం మానేశాను. కాటా ఎలా దిగిందనుకున్నారు మీరందరూ?"

నా చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. అందరికీ పెట్టి ఆఖర్న తినే మనిషి. ఆమె తిన్నదో లేదో చూసే ఒక్క మనిషి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మేమంతా తిని చేతులు కడుక్కుని లేచిపోయాం.

"ఎవరు మానమన్నారు నిన్ను?" అంది చిన్నకోడలు.

"నువ్వే. అందరి ముందూ నువ్వే. వేరే ఎవరైనా అంటే దులిపేసుకునేదాన్ని. రోజూ నా పక్కన కూర్చుని తినేదానివి, నువ్వన్నావు."

"నవ్వులాటకి అన్నాను."

"అత్తయ్య కూడా నవ్వారు. అంటే నిజమేననేగా."

నా పేరు రాగానే లేవబోయాను. నాలిక మీద ఎన్ని మాటలు సిద్ధంగా ఉన్నాయో. అలా కాదే, ఆమె ఉద్దేశం అది కాదే, పాపం పిల్ల... ట్రాలీ అంచు గట్టిగా పట్టుకుని మళ్ళీ కూర్చున్నాను. అంతవరకూ నేను చేసిన ప్రార్థనలన్నిటిలో ఆ కూర్చోవడమే పెద్దదనిపిస్తుంది ఇప్పుడు.

చిన్నకోడలు దుప్పటి వదల్లేదు. బిగలాగి పట్టుకునే అంది. "నాకు అమ్మ లేదని ఊరంతా అంటుంది అక్కా. చిన్నప్పట్నుంచీ వింటున్నా. నాకేం కాదు. కానీ ఆ సంగతి నాకు గుర్తురాని చోటు ఒక్కటే ఉండేది. నీ పక్కన ఆ వంటగది నేల. నువ్వే అన్నావు."

లోపల రోలర్ తిరుగుతోంది. రేడియో కూడా ఆగిపోయి, తన జంట మనిషి చేతిలో దుప్పటి వేలాడదీసి నిలబడింది. నేను కళ్ళతోనే మందలించాను. మళ్ళీ మడవడం మొదలుపెట్టింది.

పెద్దకోడలు మూలలు పట్టుకుని నడిచి వచ్చింది. వేళ్ళు వేళ్ళకి తగిలాయి. మూలలు అందించాక కూడా చెయ్యి వెంటనే తీయలేదు.

"ఇవాళ ఏం తిన్నావు?" అంది చిన్నకోడలు, దుప్పటి వైపే చూస్తూ.

"పొద్దున తిన్నాలే."

"పొద్దున ఏం తిన్నావు?"

"పోలీసులా అడక్కు. రెండోది తియ్."

రెండోది తీసింది. ఆ బల్ల మీద నుంచి తర్వాత వచ్చిన మడతలు కత్తితో కోసినట్టు ఉన్నాయి. ఇద్దరికీ ఇంకా కోపం ఉంది, అందుకని. బాగా లాగారు.

ఆ రాత్రి అందరం తిన్నాక నేను నీళ్ళ కోసం వంటగదిలోకి వెళ్ళబోయి గుమ్మం దగ్గర ఆగాను. నేల మీద రెండు కంచాలు ఉన్నాయి. నవ్వులేం లేవు. ఇద్దరూ మాట్లాడకుండా తింటున్నారు. కాసేపటికి చిన్నకోడలు తన కంచంలోంచి ఒక ముద్ద తీసి పక్క కంచంలో పెట్టింది. నాకు దాహం తీరకుండానే వెనక్కి వచ్చేశాను.

మర్నాడు కాటా గదిలో జట్టుని పిలిచి ఒక్క మాటే అన్నాను. "ఇన్నాళ్ళూ ఎనిమిది మంది తగ్గాల్సింది ఒక్క మనిషి తగ్గింది. ఇక మీదట అలా కుదరదు." ఎవరూ వాదించలేదు. రేడియో టీలో పంచదార మానేసింది. దాని గురించి మాట్లాడటం మాత్రం మానలేదు.

*

రొట్టెల ఫ్యాక్టరీ వాళ్ళు గట్టివాళ్ళు. రోజంతా పిండి బస్తాలు ఎత్తే చేతులు. పోటీ రోజు సన్నటి తుంపర పడుతోంది. కాటా మీద మా జట్టు హద్దుకి వెంట్రుకవాసి కింద నిలిచింది. మొదటిసారి వాళ్ళు లాగేశారు. రెండోసారి మేం లాగాం. మూడోది తేలాలి.

తాడు బిగిసింది. రెండు జట్లూ నేలలో మడమలు పాతుకుని వెనక్కి వాలిపోయాయి. మధ్యలో ఎర్ర గుడ్డ కొంచెం వణుకుతోంది, ఎటూ పోవడం లేదు. మామూలుగా ఇక్కడే నేను కళ్ళు మూసుకుంటాను. రెప్పలు పడబోయాయి కూడా. అప్పుడు అనిపించింది, చూడమని కళ్ళిచ్చినవాడు, సరిగ్గా చూడాల్సినప్పుడు వాటిని మూసుకోమంటాడా? తెరిచే ఉంచాను. ఆయన ఏమీ అనుకోలేదనే నా నమ్మకం.

"అక్కా, వాళ్ళ మూడో ఆమె చెయ్యి మార్చుకుంటోంది" అంది చిన్నకోడలు, తల తిప్పకుండానే.

వెనక నుంచి పెద్దకోడలు: "ఆగు. మనవాళ్ళ నడుములు లేచాయి. రేడియో, కిందికి."

రేడియో కిందికి వాలింది. నోరు మూసుకుంది.

"మళ్ళీ మారుస్తోంది అక్కా. ఇప్పుడా?"

"ఆగు."

"కాలు కూడా కదిలింది."

"ఆగవే, నాకు తెలుసు."

"నీకెలా తెలుస్తుంది, కనపడేది నాకైతే?"

తాడు మీద ఉండి, పళ్ళు బిగబట్టి, ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు. నాకు నవ్వొచ్చింది. పక్కన నిలబడ్డ మా ఆయన, "ఇంట్లో ఉన్నట్టే ఉంది" అన్నాడు.

"అక్కా, జారింది. ఇప్పుడు."

"హుఁ."

ఎనిమిది వీపులు ఒక్క తలుపులా కదిలాయి. ఇంకో హుంకారం, ఇంకో అడుగు. ఎర్ర గుడ్డ మా వైపుకి వచ్చి, నా ముందు నుంచి, నన్ను దాటుకుని వెళ్ళిపోయింది.

*

గెలిచిన సంబరంలో గదుల మాట అందరూ మర్చిపోయారనే అనుకున్నాను. నా ప్రార్థన ఫలించిందని దీపం ముందు కూర్చుని చెప్పుకున్నాను కూడా. వానలు వెనకపడుతున్న రోజుల్లో చిన్నకోడలు నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"అత్తయ్యా, గదులు చూశాం. రెండు వీధుల అవతల. వచ్చే వారం వెళ్ళొచ్చు."

"మళ్ళీ ఏమైంది? అక్కతో ఏమన్నా..."

"ఏమీ కాలేదు. అక్కే వచ్చి చూసింది. మొదట చూసిన ఇంట్లో వంటగదికి వెలుతురు లేదని వద్దంది. ఇది తనకి నచ్చింది."

పెద్దకోడలు వంటగదిలోంచి అరిచింది. "పొయ్యి పక్కన ఇద్దరు కూర్చోవడానికి చోటుంది అత్తయ్యా. అది చూసే ఒప్పుకున్నా."

"మరి వెళ్ళడం ఎందుకు?" అన్నాను.

చిన్నకోడలు నా చెయ్యి పట్టుకుంది. "కోపం మీద వెళ్ళకూడదని ఇన్నాళ్ళు ఆగాం. కోపం పోయింది. వెళ్ళాలని మాత్రం ఉంది. నాకూ ఒక ఇల్లు ఎలా ఉంటుందో చూసుకోవాలని ఉంది అత్తయ్యా. ఎప్పుడూ లేదు గదా."

దానికి నేనేం అనను? ఇల్లు రెండు కాకుండా చూడమని అడిగాను. ఇల్లు రెండయింది. నేను అడిగింది దేవుడు ఇవ్వలేదు. అయినా ఇవ్వలేదని కూడా అనలేకపోతున్నాను. ఆ లెక్క నాకు ఇప్పటికీ సరిగ్గా అందదు. అందకపోయినా దీపం పెట్టడం మానలేదు.

సామాను వెళ్ళే రోజు మా ఆయన వ్యాన్ తెచ్చాడు. కొత్త గదులు మేడ మీద. మెట్లు ఇరుకు, మధ్యలో ఒక మలుపు. నేను కొత్త ఇంటికని నా చేత్తో మడిచిన దుప్పట్లు ఒళ్ళో పెట్టుకుని, మోకాలు నొప్పి పుడితే ఆ మలుపు దగ్గర మెట్టు మీద కూర్చున్నాను. కొడుకులిద్దరూ మంచం విప్పడం ఎలాగో కింద వాదించుకుంటున్నారు. వాళ్ళ కోసం ఆగకుండా కోడళ్ళిద్దరూ ఇనప బీరువా ఎత్తారు. చిన్నది పైన వెనక్కి నడుస్తూ, పెద్దది కింద బరువంతా భుజం మీద పెట్టుకుని.

"అక్కా, మలుపు వచ్చింది. ఎడమకి."

"ఎవరి ఎడమ?"

"నీ ఎడమే. ఆగు. నాకు గోడ తగులుతోంది."

"తగిలితే తగిలింది, గోడ నీదేగా ఇప్పుడు. పద."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరికి కనపడకుండా, బీరువాకి అటూ ఇటూ ఉండి అరుచుకుంటున్నారు. ఆ మలుపులో ఎలా తిప్పాలో నాకు తెలుసు. ఇద్దరూ నాకు కనిపిస్తున్నారు కూడా. కాస్త పైకి లేపి, ముందు కింద కాళ్ళు తిప్పితే సరిపోతుంది. చెప్పబోయి నోరు తెరిచాను.

పై నుంచి ఒకరు, కింది నుంచి ఒకరు, ఒక్క గొంతులా అన్నారు. "అత్తయ్యా, కాస్త అడ్డం లేవండి."

దుప్పట్లు చంకన పెట్టుకుని లేచాను.